పచ్చిక మామ కోర్టు

"ఉన్నపళంగా రావే. మీ నాన్న పెరట్లో గడ్డంతా తవ్వేస్తున్నారు" అని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఎవరివో కిటికీ పరదాలకు అంచు కుడుతున్నాను.

"ఎవరి గడ్డి?" అన్నాను, నా చెవులను నేనే నమ్మలేక.

"ఎవరి గడ్డి ఏమిటే, నా మొహం! మన గడ్డే."

మిషన్ మీద కాలు బిగుసుకుపోయింది. సూది అంచు దాటి పరదా మధ్యలోకి పోయింది. దాని సంగతి తర్వాత చూసుకుందామని షాపు షట్టరు సగం దించి పరుగు తీశాను. నా కుట్టు షాపుకీ పుట్టింటికీ మధ్య రెండే వీధులు. ఆ రెండు వీధులూ నా బుర్రలో ఒకటే మాట తిరిగింది: నాన్నకి మతి చలించింది.

తెలియనివాళ్లకి అది ఉత్త గడ్డి. మాకు మాత్రం ఇంట్లో మూడో సంతానం. ముద్దులో నేనూ తమ్ముడూ దాని తర్వాతే. నాన్న ఒక కంపెనీ క్లబ్బులో టెన్నిస్ కోర్టు చూసుకునేవాడు. ముప్పై ఏళ్లకు పైగా అదే ఉద్యోగం. అది పచ్చిక కోర్టు. ఆటగాళ్ల బూట్లకు లేచిపోయిన చోటల్లా అతికించడానికి అదే రకం గడ్డిని మా పెరట్లో పెంచేవాడు. దాని మీద చెప్పులతో నడవకూడదు. నీడ పడుతుందని బట్టలు ఆరేసే తీగ మేడ మీదికి పోయింది. మా ఈడు పిల్లలందరూ పెరళ్లలో ఆడుకుంటుంటే మేమిద్దరం వీధిలో ఆడుకున్నాం. వీధి వీధంతా ఆయన్ని పచ్చిక మామ అనేది. ఉద్యోగం మానేశాక కూడా ఆయన పుట్టినరోజుకి మేం ఇచ్చే బహుమతుల్లో మార్పు లేదు: ఒక ఏడు నీళ్ల పైపు, ఒక ఏడు గడ్డి కత్తెర, ఒక ఏడు ఎండకి టోపీ. అన్నీ తీసుకుని "బాగుందమ్మా" అనేవాడు. అలాంటి మనిషి గడ్డి తవ్వేస్తున్నాడంటే గుండె గుభేలుమనదా మరి?

వెళ్లి చూద్దును కదా, నిజమే. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పార పట్టుకుని, పచ్చికను వేళ్లతో సహా చాపలా చుట్టి గోడవారన పడేస్తున్నాడు. సగం పెరడు అప్పటికే ఎర్రగా బోసిగా ఉంది. అదీ కాదు నన్ను నిలువునా కొయ్యబార్చింది. ఆయన ఈల వేస్తున్నాడు. నా పెళ్లిలో కూడా ఈల వేసిన మనిషి కాదు.

"నాన్నా! ఏమైంది నీకు?"

"ఏమైంది? ఇక్కడ కోర్టు వేస్తున్నాడు మీ తమ్ముడు" అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

అంతే, నా కోపం తమ్ముడి వైపు తిరిగింది. వాడి పని ప్లాస్టిక్ గడ్డి పరచడం. పచ్చిక మామ కొడుకు ప్లాస్టిక్ గడ్డి అమ్ముకుంటున్నాడని వీధిలో అందరూ ముక్కున వేలేసుకున్నారు ముందు. ఇన్నాళ్లూ ఎవరి దగ్గరో పనిచేసి, ఈ మధ్యే సొంతంగా మొదలుపెట్టాడు. ఇళ్ల పెరళ్లలో చిన్న చిన్న ఆట కోర్టులు వేస్తానని బోర్డు పెట్టాడు కానీ, వచ్చినవాళ్లందరూ "మీరు వేసింది ఒకటి చూపించండి" అంటున్నారట. చూపించడానికి ఒక్కటీ లేదు.

అక్కడే నిలబడి వాడికి ఫోన్ చేసి, ఎత్తగానే మొదలుపెట్టాను. "కన్న తండ్రి ప్రాణం తీసి దాని మీద ప్లాస్టిక్ పరుస్తావురా? నీకు వేరే చోటు దొరకలేదా?"

"అక్కా, నేను అడగలేదే!" వాడి గొంతు నాకంటే కంగారుగా ఉంది. "ఎక్కడైనా స్థలం అద్దెకి తీసుకుని ఒక కోర్టు వేసి చూపించాలని భోజనాల దగ్గర అమ్మతో అన్నాను, అంతే. నాన్న తల ఎత్తి, 'మన పెరడు లేదా?' అన్నాడు. నాకు పొలమారింది. వద్దు నాన్నా అని ఎంత చెప్పినా వినలేదు. పొద్దున లేచేసరికి పార పట్టుకున్నాడట. నాకే నమ్మకం కుదరట్లేదు."

ఫోన్ పెట్టేశాను. అమ్మ మెట్ల మీద కూర్చుని అంతా వింటోంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? ఆయన గడ్డి, ఆయన తవ్వుకుంటున్నారు" అంది. ఉన్నపళంగా రమ్మని పిలిచింది తనే అన్న సంగతి అప్పటికే మర్చిపోయింది.

నాన్న కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను. "నిజం చెప్పు నాన్నా. వాడి కోసం నీకు ఇష్టమైనదాన్ని చంపుకుంటున్నావు కదూ?"

ఆయన కుళాయి కట్టేసి నా వైపు తిరిగాడు. "నాకు గడ్డంటే ఇష్టమని నీకెవరు చెప్పారే?"

"ఎవరు చెప్పడమేంటి? అందరికీ తెలుసు."

"నాకు తప్ప" అన్నాడు. "అది ఉద్యోగం తల్లీ. కోర్టు మీద ఒక్క చోట బోడిగా కనబడితే సెక్రటరీ పిలిచి నిలబెట్టేవాడు. ఆ భయానికి పెంచాను. రిటైరయ్యాక పీకేద్దామనుకున్నాను. ఈలోగా మీరు పైపులు, కత్తెర్లు కొనిచ్చారు. అంత ప్రేమగా ఇస్తే ఏమని చెప్పను?"

ఇన్నేళ్లూ మేం ఎవరిని చూశాం? ఎవరికి బహుమతులు ఇచ్చాం?

"మరి నీకు ఏం ఇష్టం?" అన్నాను. నలభై ఏళ్ల కూతురు కన్న తండ్రిని అడగాల్సిన ప్రశ్నేనా అది? సిగ్గేసింది.

నాన్న అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఆట" అన్నాడు.

అప్పుడు చెప్పాడు, కుళాయి గట్టు పక్కన నిలబడే. క్లబ్బులో పనివాళ్లు ఆడకూడదు. కోర్టులోకి పనికి తప్ప అడుగు పెట్టకూడదు, పెట్టినా చెప్పుల్లేకుండా పెట్టాలి. పొద్దున్నే గడ్డి కత్తిరించి, రోలరు లాగి, తాడు కట్టి సున్నంతో గీతలు గీసి, నెట్టు బిగించి, ఆ తర్వాత గీత బయట నిలబడాలి. బంతి బయటికొస్తే తెచ్చి ఇవ్వాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎవరో పారేసిన రాకెట్టు ఒకటి దొరికితే, క్లబ్బు మూసేశాక మోటారు గది గోడకేసి బంతి కొట్టాడట. సెక్రటరీ చూశాడు. ఇంకోసారి కనబడితే ఇంటికి పోవడమే అన్నాడు. "నువ్వు అప్పటికి పాలు తాగే పిల్లవి. మళ్లీ ముట్టుకోలేదు. కానీ రోజూ చూశాను. ఒక్క రోజు కూడా చూడకుండా లేను."

"ఇప్పుడు ఆడతావా?"

"అందుకేగా పార పట్టింది! పట్టణంలో ఆడే చోట్లకి నన్ను ఎవరు రానిస్తారు? ఈ మోకాళ్లు ఇంకో రెండేళ్లు ఒప్పుకుంటాయేమో. ఆ తర్వాత కుర్చీయే" అన్నాడు. అని నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ తమ్ముడికి చెప్పకు. నవ్వుతాడు. కోర్టు పూర్తవనీ, నేనే చెప్తాను."

నేను మాటిచ్చాను. నోరు ఆగని దాన్ని, ఎలా ఇచ్చానో ఇప్పటికీ ఆశ్చర్యమే.

పని మొదలైంది. మా పెరట్లో పూర్తి కోర్టు పట్టదు. నెట్టు కట్టి ఇద్దరు ఆడుకునే చిన్న సైజు కోర్టు. తమ్ముడూ, వాడి దగ్గర పనిచేసే ఇద్దరూ మట్టి ఒక జానెడు తవ్వి, చుట్టూ సిమెంటు అంచు కట్టి, కంకర పోశారు. దాని మీద రాతి పొడి. ఆ తర్వాత నేలను దిమ్మిస కొట్టే మిషన్ తెచ్చారు. అది నడుస్తున్నంతసేపూ వంటింట్లో గిన్నెలన్నీ మోగాయి. అమ్మ గాజు సామానంతా మంచం మీద పరుచుకుని కాపలా కూర్చుంది. నాన్న మాత్రం ప్రతి పనికీ తయారే. నాన్న ఎక్కడ బాధపడతాడోనని తమ్ముడు ఆయన మొహం చూడకుండా తిరిగాడు. ఆయన ఎక్కడ ఆనందం బయటపడుతుందోనని వాడి మొహం చూడకుండా తిరిగాడు. మధ్యలో నిజం తెలిసిన దాన్ని నేను, పెదవి కొరుక్కుంటూ.

ఒక మధ్యాహ్నం అమ్మ మళ్లీ ఫోన్. ఈసారి గుసగుసగా. "మీ నాన్న గది తలుపేసుకుని చీపురు ఊపుతున్నారే. ఒక్కరే. ఊడవట్లేదు, గాలిలో ఊపుతున్నారు. మధ్యలో 'అదీ' అంటున్నారు. నాకు భయంగా ఉంది, డాక్టరుకి చూపిద్దామా?"

ఇక అమ్మకీ చెప్పక తప్పలేదు. అంతా విని, "ఇన్నేళ్లు పక్కన పడుకున్నాను. నాకు చెప్పలేదు" అంది.

గడ్డి చుట్టలు వచ్చిన రోజు నేనూ షాపు కట్టేసి వెళ్లాను. విప్పి పరిచి, మడతలు పోయేదాకా ఎండలో వదిలేశారు. ముఖమల్ గుడ్డకి ఉన్నట్టే దీనికీ నూగు ఒక వైపుకి వాలి ఉంటుంది. అన్ని చుట్టలూ ఒకే వైపు పరచకపోతే రంగు తేడాగా కనిపిస్తుందట. తమ్ముడు ఆ మాట చెప్పగానే వాడి పని మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. రెండు చుట్టలు కలిసే చోట కింద పట్టీ వేసి, జిగురు రాసి, నూగు ఇరుక్కోకుండా వేళ్లతో విడదీస్తూ అదిమారు. అతుకు ఎక్కడుందో నేను వెతుక్కోవాల్సి వచ్చింది. కుట్టుపని దాన్ని చెబుతున్నాను, అది మాటలు కాదు.

ఆఖరున గీతలు. పచ్చ గడ్డిని సన్నటి పట్టీలా కోసి తీసేసి, ఆ సందులో తెల్లగడ్డి పట్టీ అతికించారు. అప్పటిదాకా ఇసుక సంచులు మోస్తున్న నాన్న అవి పక్కన పెట్టి వచ్చి, గీత ముందు గొంతుక్కూర్చున్నాడు.

"దీన్ని రేపు మళ్లీ గియ్యక్కర్లేదా?"

"అక్కర్లేదు నాన్నా."

"వాన పడితే?"

"పడినా అంతే. చెరగదు."

నాన్న ఆ గీత మీద అరచెయ్యి పెట్టి ఆ చివర నుంచి ఈ చివరిదాకా జరుగుతూ వచ్చాడు. ఆయన మొహం చూసి నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రోజూ వంగి గీసిన నడుము అది. "చెరగదట" అన్నాడు అమ్మ వైపు తిరిగి, ఎవరో తనని ఇన్నాళ్లూ మోసం చేసినట్టు.

నూగు వాలిపోకుండా ఇసుక చల్లి, బ్రష్షుతో లేపి, నెట్టు కట్టారు. సాయంత్రానికి కోర్టు తయారు. అందరం మెట్ల మీద నిలబడ్డాం. నాన్న గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు చెప్తాడని నేను అమ్మ చెయ్యి నొక్కాను. అమ్మ నా చెయ్యి నొక్కింది.

ఆయన నోరు తెరిచేలోపు తమ్ముడు వ్యాను దగ్గరికి వెళ్లి ఒక గొలుసూ, ఒక బోర్డూ తెచ్చాడు. "దయచేసి లోపలికి అడుగు పెట్టకండి" అని ఉంది దాని మీద. గొలుసు కట్టి, బోర్డు తగిలించి, మళ్లీ వెళ్లి పొడవాటి కర్ర ఉన్న మెత్తటి బ్రష్షు ఒకటి పట్టుకొచ్చాడు. దానికి ఎర్ర రిబ్బను కట్టి ఉంది.

"నాన్నా, ఇది నీకు. నీ గడ్డి పోయిందని నాకు తెలుసు. ఇక మీద దీన్ని నువ్వే చూసుకోవాలి, నీకంటే బాగా ఎవరు చూసుకుంటారు? రోజూ పొద్దున ఒక్కసారి నూగు లేపితే చాలు. కస్టమర్లు వచ్చి చూసేదాకా కొత్తగా ఉండాలి. అక్క పిల్లలతో సహా ఎవరినీ కాలు పెట్టనివ్వకు." వాడి కళ్లలో నీళ్లు. ప్రేమతోనే ఇచ్చాడు, దరిద్రుడు.

నాన్న బ్రష్షు అందుకున్నాడు. రెండు చేతులతో. "అలాగే" అన్నాడు. "బాగుంది."

నేను కొయ్యబారిపోయాను. అలాగే ఏమిటి? అడుగు పెట్టడానికి జీవితమంతా కాచుకున్న మనిషి చేతికి, అడుగు పెట్టకుండా కాపలా కాసే పని మళ్లీ ఇస్తే, అలాగేనా?

వంటింట్లోకి లాక్కెళ్లాను. "చెప్పు నాన్నా! ఇప్పుడే చెప్పు. అడగందే అమ్మైనా పెట్టదు."

"వాడికి ఇది మొదటి మెట్టు. నా సరదాకి అది పాడైతే? ఇద్దరు ముగ్గురు కస్టమర్లు కుదరనీ."

"అప్పటిదాకా నీ మోకాళ్లు కుదురుగా ఉంటాయా?"

"నువ్వు మాటిచ్చావు" అన్నాడు. తర్వాత, చాలా నెమ్మదిగా, "అడిగితే ఉద్యోగం పోయే రోజుల్లో అడగడం మానేశానే. ఇప్పుడు నోరు తిరగట్లేదు" అన్నాడు.

ఆ తర్వాత రోజూ అదే. పొద్దున్నే చెప్పులు విప్పి, గొలుసు దాటి, కోర్టంతా బ్రష్షు లాగి, రాలిన ఆకు ఒక్కటి లేకుండా ఏరి, వెనక్కి వచ్చి గీత బయట నిలబడేవాడు. చీపురు ఊపడం మానేశాడు. ఈల కూడా మానేశాడు. మధ్యాహ్నం మెట్లు ఎక్కేటప్పుడు మోకాలు పట్టుకుని ఆగుతున్నారని అమ్మ చెప్పింది. తమ్ముడు కనబడితే చాలు, కారణం లేకుండా తిట్టేదాన్ని. అక్కకి ఏమైందని వాడు అమ్మని అడిగాడట.

మొదటి కస్టమర్లు వచ్చారు, ఒక సాయంత్రం. ఎముకల డాక్టరమ్మా, ఆవిడ భర్తా. ఇద్దరికీ టెన్నిస్ అలవాటు, ఇంటి వెనక కోర్టు వేయించుకోవాలని చూస్తున్నారు. తమ్ముడు ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డాడు. డాక్టరమ్మ గడ్డి నూగు వేళ్లతో నలిపి చూసి, "బంతి ఎలా లేస్తుందో చూడాలి. ఆడి చూడొచ్చా?" అంది. రాకెట్లు కార్లోనే ఉన్నాయట.

"తప్పకుండా మేడం" అని తమ్ముడు గొలుసు తీసేశాడు. బూట్లతోనే లోపలికి వెళ్లారు. మంచినీళ్లు తెచ్చిన అమ్మా, నేనూ మెట్ల దగ్గర ఆగిపోయాం.

మొదటి బంతి వచ్చింది, పోయింది, వచ్చింది, గీత దాటి గోడ మూలకి పోయింది. అంతే! నాన్న పరుగెత్తాడు. వంగి, బంతి తీసి, చొక్కాకి తుడిచి, గీత బయటే ఆగి, రెండు చేతులతో ఆ భర్తకి అందించాడు. మళ్లీ బంతి బయటికి. మళ్లీ నాన్న పరుగు. మోకాలు నొప్పి ఎటు పోయిందో తెలియదు. వెనక్కి వచ్చి చేతులు వెనక కట్టుకుని, ఉత్త కాళ్లతో, గీతకి సరిగ్గా రెండడుగుల దూరంలో నిలబడటం. ఆయన ఉద్యోగంలో ఎలా ఉండేవాడో నేనెప్పుడూ చూడలేదు. క్లబ్బు లోపలికి మమ్మల్ని రానిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు చూశాను, మా సొంత పెరట్లో.

ఆ భర్త బంతి అందుకుంటూ తమ్ముడితో, "మీ పనివాడు భలే చురుకండీ. ఇలాంటివాళ్లు ఇప్పుడు దొరకరు. ఎన్నాళ్ల నుంచి ఉన్నాడు మీ దగ్గర?" అన్నాడు.

తమ్ముడు నోరు తెరిచాడు. మూశాడు. డాక్టరమ్మ వైపు చూశాడు. మళ్లీ తెరిచాడు.

"చాలా ఏళ్ల నుంచండీ" అన్నాడు.

అమ్మ నీళ్ల గ్లాసులు మెట్టు మీద పెట్టి, పక్కనే కూలబడింది. నేను నాన్న మొహం చూశాను. ఆ మాట ఆయన చెవిన పడింది. ఆయన తల కొంచెం వంచి, నవ్వాడు. మెప్పుకి నవ్వినట్టు. ఆయనకి అందులో తప్పు కనబడలేదు! తమ్ముడన్న మాటకంటే ఆ నవ్వే నన్ను నిలువునా కోసింది.

ఇచ్చిన మాట గిచ్చిన మాట గాలికి పోయాయి. చెప్పులతోనే కోర్టు మధ్యకి నడిచాను.

"ఏంట్రా అన్నావు? మళ్లీ అను."

"అక్కా, ప్లీజ్..."

"ఆయన మా నాన్నండీ" అన్నాను డాక్టరమ్మతో. "ఈ ఇల్లు ఆయనది. ఈ నేల ఆయనది. ఆయన స్వయంగా తవ్వి ఇచ్చాడు, ఎందుకో తెలుసా? ఆడదామని! జీవితమంతా మీలాంటివాళ్లు ఆడుతుంటే గీత బయట నిలబడి చూశాడు. ఒక్కసారి ఆడాలని ఆయనకి. ఈ మహానుభావుడు తీసుకొచ్చి బోర్డు తగిలించాడు."

"నోరు మూసుకోవే!" నాన్న అరిచాడు. ఆయన అరవడం నేను అంతకుముందు వినలేదు. మొహం ఎర్రబడింది. "ఇంటికొచ్చినవాళ్ల ముందు నా పరువు తీస్తావా? నీకు చెప్పడమే నా బుద్ధి తక్కువ."

ఆ భర్త చేతిలో బంతి చూసుకుంటూ నిలబడ్డాడు. తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆడాలనా?" అన్నాడు వాడు చివరికి, నాన్నతో. "నీకు గడ్డి కదా ఇష్టం? నేను... నీకు గడ్డి అనుకునే..."

డాక్టరమ్మ నెట్టు చుట్టూ తిరిగి వచ్చి, నాన్న ముందు ఆగి, తన రాకెట్టు పిడి వైపు తిప్పి చాపింది. "క్షమించండి, మాకు తెలియలేదు. రండి" అంది.

నాన్న దాన్ని అందుకోలేదు. తమ్ముడి వైపు చూశాడు. కొడుకును చూసే చూపు కాదది.

"కాలు పెట్టొచ్చా?" అని అడిగాడు.

తమ్ముడు భోరుమన్నాడు. ఇస్త్రీ చొక్కాతో, కస్టమర్ల ముందు, చేతులు రెండూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాన్న బెదిరిపోయాడు. "ఒరేయ్, ఏమైందిరా? వద్దంటే వద్దులే. నేను ఊరికే అడిగాను" అన్నాడు. వాడు మాట రాక, ఆయన భుజాలు పట్టుకుని గీత లోపలికి తోశాడు.

నాన్న రాకెట్టు అందుకున్నాడు. డాక్టరమ్మ భర్త అవతల నుంచి మెల్లగా, చిన్నపిల్లలకి వేసినట్టు బంతి వేశాడు. నాన్న భుజం వెనక్కి తిప్పి, ఒక కాలు ముందుకు వేసి, సరిగ్గా టీవీలో ఆడేవాళ్లలాగే ఊపాడు. బంతి రాకెట్టుకి తగల్లేదు. ఆయన కాళ్ల పక్కనుంచి గోడ దాకా దొర్లుకుంటూ పోయింది.

రెండోది నెట్టుకి తగిలింది. మూడోది పక్కింటి మేడ మీద పడింది.

నాన్న నిర్ఘాంతపోయి తన చేతిని చూసుకున్నాడు. ఎవరిదో చెయ్యి చూసినట్టు. మా అందరికంటే ఎక్కువ అదిరిపోయింది ఆయనే.

"ఇదేంటే" అన్నాడు నాతో. "నేను... నాకు వచ్చనుకున్నానే. వాళ్లు తప్పు కొట్టినప్పుడల్లా లోపల నవ్వుకునేవాణ్ణి. ఇంత చిన్న బంతి ఎలా తప్పుతుందా అని."

"దూరపు కొండలు నునుపు" అంది అమ్మ మెట్ల మీద నుంచి, కళ్లు తుడుచుకుంటూ.

ఆయన రాకెట్టు వెనక్కి ఇచ్చేస్తాడనుకున్నాను. ఇంత చేసి, ఇందరి ముందు, ఆయనకి మిగిలింది ఇదా? డాక్టరమ్మ కూడా అలాగే అనుకున్నట్టుంది, చెయ్యి సగం చాపింది.

నాన్న ఆ చెయ్యి చూడనే లేదు. గోడ మూల ఆగిన బంతి వైపు చూశాడు. ఆయన కాలు అలవాటుగా అటు కదిలింది, తెచ్చి ఇవ్వడానికి. సగం అడుగులో ఆగాడు. మోకాలు ఒకసారి వంచి చూసుకున్నాడు. రాకెట్టు పిడి ఇంకాస్త బిగించి పట్టుకుని, వెనక్కి తిరిగి తన చోటికి వెళ్లి నిలబడ్డాడు.

"ఒరేయ్" అన్నాడు, ముక్కు తుడుచుకుంటున్న తమ్ముడితో. "ఏడుపు తర్వాత. ముందు ఆ బంతి తీసివ్వు."

తమ్ముడు బంతి కోసం పరుగెత్తాడు.